అప్‌డేట్: కష్టంలో ప్రార్థన రావట్లేదని అడిగాను కదా

నాన్న జబ్బుపడ్డప్పటి నుంచి ప్రార్థనకు కూర్చుంటే ఒక్క మాటా రావట్లేదని, దేవుడే ఆశ్రయమని నమ్మలేకపోతున్నానని మూడు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నాకు పనిచేసింది బైబిల్‌లోని 13వ కీర్తన చదవమన్న సలహా. ఆరు వచనాలే, మొదలే ఇంకా ఎంతకాలమని దేవుణ్ణి నిలదీయడం, చివరికి వచ్చేసరికి ఆయన కృప మీద నమ్మకం. మొర పెట్టుకోవడం కూడా ప్రార్థనేనని అప్పుడే అర్థమైంది, ఇక రోజూ రాత్రి నా భయాన్ని దాచకుండా ఆయనకే చెప్పుకుంటూ వచ్చాను, చాలాసార్లు ఏడ్చాను కూడా.

నాకున్న నిద్రలేమి, గుండెదడ మాత్రం డాక్టర్ చూసి ఆందోళన వల్లే అన్నారు. మందులతో తగ్గాయి. విశ్వాసం తక్కువై ఇలా అవుతోందని నేను బాధపడ్డాను, కానీ విశ్వాసానికి, దీనికి సంబంధమే లేదు. గంటలకొద్దీ ప్రార్థించాల్సిన అవసరమూ రాలేదు.

నాన్న ఇంకా పూర్తిగా కోలుకోలేదు. కానీ ఇప్పుడు టెన్షన్ వస్తే నేను ముందు వెళ్లేది దేవుడి దగ్గరికే.