అరిగిన హైడ్రాలిక్ హోసుకు జాయింటు వేసి ఇవ్వవచ్చా?

ప్రశ్న:
హైడ్రాలిక్ హోసులకు ఫిట్టింగులు క్రింప్ చేసి (నొక్కి బిగించి) ఇచ్చే చిన్న వర్క్‌షాపు నాది. ఒక ఎక్స్‌కవేటర్ బూమ్ (పైకీ కిందికీ కదిలే పెద్ద చేయి) హోసు రాపిడికి అరిగి, మధ్యలో తీగ అల్లిక బయటపడింది. రెండు చివర్ల ఫిట్టింగులు మాత్రం బాగున్నాయి. పాడైన ముక్కను కోసేసి జాయింటు వేయమని, ఏం జరిగినా బాధ్యత తనదేనని రాసి సంతకం చేస్తానని యజమాని అంటున్నారు. ఆ కాగితం నన్ను కాపాడుతుందా?

మొదటి సమాధానం:
కాగితం సంగతి తర్వాత, ముందు హోసు సంగతి చూడండి. ఒత్తిడిని మోసేది ఆ తీగలే. పైపొర అరిగినచోట చేరిన తడి వల్ల పట్టిన తుప్పు, కంటికి కనిపించే మేర దాటి లోలోపల పాకి ఉండవచ్చు కనుక, ఎక్కడ కోస్తే మంచి భాగం వస్తుందో బయటినుంచి చెప్పలేము. పైగా గట్టిపడిన పాత రబ్బరు మీద కొత్తగా రెండు క్రింపులు వేయాలి. పగిలే ఒత్తిడి పని ఒత్తిడికి కనీసం 4 రెట్లు ఉండాలన్న లెక్క, కొత్త హోసుకు తయారీదారు చెప్పిన ఫిట్టింగును, చెప్పిన వ్యాసానికి క్రింప్ చేసినప్పుడే నమ్మదగినది. బూమ్ కదిలినప్పుడల్లా వంగవలసిన చోట వంగని జాయింటు పెడితే, భారమంతా దాని అంచుల మీద పడుతుంది. ఇక ఫిట్టింగులు బాగున్నాయన్న మాటకు విలువ లేదు. ఒకసారి క్రింప్ చేసినదాన్ని మళ్లీ వాడకూడదు. హోసు మొత్తం మార్చండి.

రెండవ సమాధానం:
చట్టం దేశాన్ని బట్టి మారుతుంది కనుక న్యాయవాదిని, మీ బీమా సంస్థను అడగండి. అయితే సంతకం పెట్టేది యజమాని. యంత్రం నడిపే ఆపరేటరు, పక్కన నిలబడే సహాయకుడు ఆ కాగితంలో ఎక్కడా లేరు. పైగా, ప్రమాదముందని మీకు ముందే తెలుసనడానికి అదే సాక్ష్యం కావచ్చు. జాయింటు వేయనని, కారణంతో సహా, బిల్లు మీదే రాసివ్వండి. కొత్త హోసు చేస్తే దాని రకం, పని ఒత్తిడి, క్రింప్ వ్యాసం, తేదీ మీ పుస్తకంలో నమోదు చేయండి.

మూడవ సమాధానం:
నూనెను ట్యాంకుకు తిరిగి పంపే, తక్కువ ఒత్తిడి ఉండే రిటర్న్ లైన్లలో, తయారీదారు అనుమతిస్తే, జాయింటు వేయడం ఉంది. బూమ్ లైను ఆ కోవలోకి రాదు. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుందని, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే గాయమని యజమానికి చెప్పండి. లీకును చేత్తో కాదు, అట్టముక్కతో వెతకాలి. విప్పేముందు బూమును నేలకు దించి, ఇంజిను ఆపి, లైనులో మిగిలిన ఒత్తిడిని వదిలించాలి. పాత హోసు దేనికి రాసుకుందో చూసి క్లాంపు సరిచేయకపోతే, కొత్తదీ అక్కడే అరుగుతుంది.