తాగే తోటివారి గురించి థాయ్ టీనేజీ పిల్లలు ఏమనుకుంటారు?

ప్రశ్న:

నమస్కారం. నేను ప్రజారోగ్యంలో పీజీ చదువుతున్నాను. థాయ్‌లాండ్‌లో టీనేజీ పిల్లలు మద్యం తాగే తోటివారి గురించి ఏమనుకుంటారన్నది ఈసారి సెమినారుకు నేను తీసుకున్న విషయం. అక్కడ 2008 నాటి మద్య నియంత్రణ చట్టం 20 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడాన్ని నిషేధించింది. జనాభాలో అత్యధికులు బౌద్ధులు. మత్తుకు దూరంగా ఉండడం పంచశీలాల్లో ఐదవదని పిల్లలు బడిలోనే నేర్చుకుంటారు. తాగుబోతును ‘ఖీ మావ్’ అని ఈసడించుకుంటారు. ఇంత ఉండి కూడా తమ జట్టులో తాగే స్నేహితుణ్ణి పెద్దగా తప్పుపట్టరని విన్నాను. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతున్నాయో నాకు అంతుపట్టడం లేదు. అక్కడ నివసించినవారు గానీ, ఈ రంగంలో పనిచేసేవారు గానీ వివరించగలరా?

మొదటి సమాధానం:

నేను ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఖోన్ కెన్‌లో కొన్నేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేశాను. మీకు కనిపిస్తున్న వైరుధ్యం నా విద్యార్థులకు తోచేది కాదు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో ‘ఖీ మావ్’ అంటే తాగినవాడు కాదు, తాగి ఒళ్లు తెలియకుండా పడిపోయేవాడు, ఇల్లు గుల్ల చేసేవాడు. పొద్దున్నే ‘లావ్ ఖావ్’ అనే తెల్ల సారాయి పట్టించి కొట్టు ముందు కూలబడే నడివయసు మనిషి ఖీ మావ్ అవుతాడు. సొంగ్‌క్రాన్ అనే థాయ్ కొత్త సంవత్సరం పండుగనాడో, ఊళ్లో ఎవరో భిక్షువుగా దీక్ష తీసుకునే వేడుకలోనో పెద్దల పక్కనే గ్లాసు పట్టుకున్న పదిహేడేళ్ల కుర్రవాడు కాడు. ‘ఖావ్ సంఖోమ్’, అంటే నలుగురిలో కలవడం, అని పెద్దలు తమ తాగుడును సమర్థించుకుంటారు. పిల్లలు ఆ మాటను వాళ్ల నోటినుంచే నేర్చుకున్నారు.

ఒక సొంగ్‌క్రాన్ సాయంత్రం మా వీధిలో చాప మీద ‘వోంగ్ లావ్’, అంటే తాగేవాళ్ల కూటం, కూర్చుంది. మధ్యలో విస్కీ సీసా, సోడాలు, ఐసు బకెట్ ఉన్నాయి. కూర్చున్నవాళ్లలో చిన్నవాడు అందరికీ కలిపి పోయడం పరిపాటి. ఆ రోజు పోసినవాడు మా బడి విద్యార్థే. అందరి గ్లాసులూ నింపుతూ తన గ్లాసులో ఐసు, సోడా మాత్రమే పోసుకుని, గ్లాసులు తాకించిన ప్రతిసారీ తనూ ఎత్తాడు. మర్నాడు అడిగితే, తనకు తాగడం ఇష్టం లేదనీ, కానీ ఆ సంగతి బయటపడితే మిగతావాళ్లకు ఇబ్బందిగా ఉంటుందనీ చెప్పాడు. థాయ్‌లో దాన్ని ‘క్రెంగ్ జాయ్’ అంటారు. మన మొహమాటానికి చాలా దగ్గరి మాట అది. ఆ కూటంలో మిగతా పిల్లలు మాత్రం అతణ్ణి తాగేవాడిగానే లెక్కవేసి ఉంటారు.

ఆడపిల్లల విషయంలో ఈ ఉదారత ఉండదు. అబ్బాయికి సరదాగా చెల్లిపోయేది అమ్మాయి నడతకు మచ్చ అవుతుంది, అలా తీర్పు చెప్పేవాళ్లలో సాటి అమ్మాయిలూ ఉంటారు.

రెండవ సమాధానం:

పై మిత్రుడు చెప్పిన సోడా గ్లాసులోనే మీ సెమినారుకు కావలసిన అసలు విషయం ఉందని నేను నమ్ముతున్నాను: తాగనివాడు కూడా తోటివారి కళ్లకు తాగేవాడిగానే కనిపించాడు. గిబ్బన్స్, జెరార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లలో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ‘నా ఈడులో తాగేవాడు’ అనగానే పిల్లల మనసులో ఒక మనిషి బొమ్మ మెదులుతుంది. ఆ బొమ్మ ఎంత ఆకర్షణీయంగా ఉంటే, తనకు ఎంత దగ్గరగా అనిపిస్తే, అవకాశం ఎదురైనప్పుడు తాగడానికి అంత సిద్ధపడతారు. ముందుగా అనుకుని తాగడం వేరు, ఎవరో గ్లాసు అందిస్తే కాదనలేకపోవడం వేరు. ఈ వయసులో రెండోదే ఎక్కువ.

ఈ దృష్టితో అక్కడి ప్రచారాన్ని చూడండి. పొగాకు, మద్యాలపై 2 శాతం అదనపు సుంకంతో 2001లో ఏర్పడిన థాయ్ ఆరోగ్య ప్రోత్సాహక సంస్థ ‘పేదరికం, ఒత్తిడి, తాగుడు’ అనే అర్థం వచ్చే నినాదాన్ని ఇంటింటికీ చేర్చింది. కుటుంబ పెద్దను ఉద్దేశించినంతవరకు అది గొప్ప నినాదమే. కానీ పదహారేళ్లవాడికి అందులో తన తండ్రో, మేనమామో కనిపిస్తారు తప్ప తాను కనిపించడు. మరోవైపు మద్యం ప్రకటనలపై ఆంక్షలున్నా, బీరు కంపెనీల చిహ్నాలే సోడా, తాగునీటి సీసాల మీద దర్శనమిస్తాయి. పిల్లల ఊహలో తాగే స్నేహితుడి బొమ్మకు ఇవి రంగులు అద్దుతున్నాయని నా అభిప్రాయం.

మూడవ సమాధానం:

ఒక్క విషయం చేర్చదలచాను. తాగనని చెప్పడానికి గౌరవప్రదమైన కారణం దొరికితే అక్కడి పిల్లలు దాన్ని వదులుకోరు. 2003 నుంచి వర్షావాసం (వానాకాలంలో బౌద్ధ భిక్షువులు ఒకేచోట ఉండే కాలం) మూడు నెలలూ మద్యం మానేయాలనే ప్రచారం జరుగుతోంది. ఆ రోజుల్లో ‘ఖావ్ ఫన్సా కదా’, అంటే వర్షావాసం కదా, అని చెబితే ఎవరూ నొచ్చుకోరు. అలాగే దక్షిణాన పత్తానీ, యలా, నరాథివాత్‌లలో మలయ్ ముస్లింలు అధికం కాబట్టి, అక్కడి పిల్లల అభిప్రాయాలను ఈశాన్యంవారితో కలిపి చూడకండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ‘నీ స్నేహితుల్లో ఎందరు తాగుతారు?’ అనే ప్రశ్నతో మొదలుపెట్టాలనుకున్నాను. ఆ అబ్బాయి గ్లాసు గురించి చదివాక దాని పక్కన ఇంకొకటి చేరుస్తున్నాను: ‘వాళ్లు తాగుతున్నారని నీకెలా తెలుసు?’