సినిమా కబుర్లతో ఇంగ్లీషు మాట్లాడటం వస్తుందా?

ప్రశ్న:
నేను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇంగ్లీషు పత్రిక చదివితే అర్థమవుతుంది, సబ్‌టైటిల్స్ ఉంటే ఏ దేశపు సినిమా అయినా చూస్తాను, కానీ ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే రెండో వాక్యం దగ్గరే నోరు పెగలదు. ఈ నవంబరులో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి మొదటిసారి డెలిగేట్‌గా వెళ్లాలనుకుంటున్నాను. స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లోని హోటల్, రైల్వే స్టేషన్ సంభాషణలు నాకు పట్టడం లేదు. సినిమాల గురించి మాట్లాడుతూనే ఈ భాష నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

మొదటి జవాబు:
తప్పకుండా నేర్చుకోవచ్చండీ. ఇంగ్లీషు పాఠాలు చెప్పే అనుభవంతో అంటున్నాను, కథ చెప్పడంతో మొదలుపెట్టండి. మనం సినిమా కథ చెప్పేటప్పుడు "హీరో ఊరికి వస్తాడు, అక్కడ గొడవ చూస్తాడు" అంటాం కదా, ఇంగ్లీషులోనూ అలాగే సాధారణ వర్తమానంలో "హీ కమ్స్, హీ సీస్" అనే చెబుతారు. అయితే "వస్తాడు" అనే రూపమే తెలుగులో భవిష్యత్తుకూ పనికొస్తుంది కాబట్టి, మనవాళ్లు తెలియకుండానే "హీ విల్ కమ్" అనేస్తారు. కథ వర్తమానంలో నడిచినా, మీరు ఆ సినిమా చూసిన సంగతి మాత్రం "ఐ సా ఇట్ యెస్టర్‌డే" అని భూతకాలంలోనే ఉండాలి. ఇంకొకటి, "బోర్ కొట్టింది" అనబోయి "ఐ యామ్ బోరింగ్" అనకండి. విసుగు పుట్టించేది మీరేనని దాని అర్థం. సినిమా బోరింగ్, చూసినవారు బోర్డ్. రోజుకొక కథ రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసి వినండి.

రెండో జవాబు:
2004 నుంచి ఆ ఉత్సవానికి గోవాయే వేదిక. నేను రెండుసార్లు వెళ్లాను. అసలు కబుర్లన్నీ క్యూలోనే జరుగుతాయి. "వాట్ హ్యావ్ యూ సీన్ సో ఫార్?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటే సగం భయం పోతుంది. అక్కడ మనల్ని ముంచేవి ఇంగ్లీషువే అనుకుని మనం వాడే మాటలు. మనకు "డైలాగ్" అంటే ఒక్క మాట, వాళ్లకు మొత్తం సంభాషణ. ఆ ఒక్క మాటను వాళ్లు "లైన్" అంటారు. మనం చివరి ఘట్టమంతటినీ "క్లైమాక్స్" అంటాం, వాళ్లు ముగింపును "ఎండింగ్" అంటారు. ఒకసారి నేను "సెకండాఫ్ ల్యాగ్" అంటే, పక్కనున్న విదేశీ వనిత, విరామమే లేని సినిమాలో రెండో సగం ఎక్కడ మొదలైందని నిజంగానే అడిగింది. "ఇట్ డ్రాగ్స్ టువర్డ్స్ ది ఎండ్" అని ఉంటే సరిపోయేది. నాది తెలుగు అని చెప్పగానే ఆమె, 2023లో ఆస్కార్ అందుకున్న "నాటు నాటు" పాట గుర్తు చేసుకుని, ఆ మాటకు అర్థమేమిటని అడిగింది. పది నిమిషాలు తంటాలు పడ్డాను. ఆ జవాబు మీరు ఇక్కడే తయారు చేసుకుని వెళ్లండి.

మూడో జవాబు:
మొదటి జవాబుతో కొంత విభేదిస్తున్నాను. ఒంటరిగా రికార్డు చేసుకునేది ఉపన్యాసమే అవుతుంది గానీ సంభాషణ కాదు. సినిమా పిచ్చి ఉన్న స్నేహితుడొకరితో వారానికి రెండుసార్లు ఫోనులో వాదించండి. మనం తెలుగు అలవాటు కొద్దీ "నో, నో" అని మొదలుపెడితే ఇంగ్లీషులో కటువుగా వినిపిస్తుంది. "ఐ సీ వాట్ యూ మీన్, బట్" అని అందుకుంటే వాదన కూడా మర్యాదగా సాగుతుంది.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి రికార్డు చేసి చూశాను. రెండు నిమిషాల్లో "అండ్ దెన్" పంతొమ్మిదిసార్లు వచ్చింది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అది మన "తర్వాత, తర్వాత" అండీ, కంగారుపడకండి. అది నోటికొచ్చిన ప్రతిచోటా ఊరికే ఒక క్షణం ఆగి, కొత్త వాక్యం మొదలుపెట్టండి. వాదించే స్నేహితుడి సంగతిలో మూడో జవాబు ఇచ్చినవారి మాట నేనూ ఒప్పుకుంటాను.

అడిగినవారు:
అలాగేనండీ. "నాటు"కు అర్థం మాత్రం నాటుకోడి దగ్గర మొదలుపెట్టి చెబుదామనుకుంటున్నాను. "కంట్రీ చికెన్" వరకు వచ్చింది, అక్కడి నుంచి పాటలోకి ఎలా వెళ్లాలో ఆలోచిస్తున్నాను.