పరికరం ఎంచే ముందు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఓటీ) మిమ్మల్ని ఏమేం అడిగారు?

పాపవాళ్ళమ్మ: మా పాపకు సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సమస్య. మాట రాదు, చేతులు అదుపులో ఉండవు. కంటిచూపుతో నడిచే ఐ ట్రాకర్ తీసుకుందామని ఓటీ దగ్గరికి, అంటే రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ దాని ఊసే ఎత్తలేదు. పాప ఎవరితో ఏం చెప్పాలని తాపత్రయపడుతుంది, ఎక్కడెక్కడ కూర్చుంటుంది, ఎంతసేపటికి అలసిపోతుంది అని అడిగారు. ముందు కుర్చీ సరిచేద్దామన్నారు. మీకూ ఇలాగే జరిగిందా?

పిల్లల_ఓటీ: కుర్చీ దగ్గర మొదలుపెట్టడం సరైన పనేనండీ. నడుము కింద నిలకడ లేకపోతే పాప శక్తంతా పక్కకు ఒరిగిపోకుండా ఉండటానికే సరిపోతుంది. ఇక తల, కన్ను, చెయ్యి మాట వినవు. కూర్చోవడం కుదిరాక ఒంట్లో ఏ కదలిక తేలిగ్గా, ప్రతిసారీ ఒకేలా వస్తుందో వెతుకుతాం. తల పక్కకు తిప్పడం కావచ్చు, మోకాలు కావచ్చు, ఒక్క వేలు కావచ్చు. అక్కడ స్విచ్ పెడితే తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే వెలుగుతూ పోతాయి, కావలసింది రాగానే పాప నొక్కుతుంది. ఐ ట్రాకర్ కూడా మంచిదే. కానీ అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తుంది కాబట్టి ఎండలో తడబడుతుంది. ఆరుబయటికి, చూపించి చెప్పుకునే బొమ్మల పుస్తకం ఒకటి వెంట ఉండాల్సిందే. సహాయక పరికరాల నిపుణురాలు జాయ్ జబాలా రూపొందించిన 'సెట్' (SETT) పద్ధతిలో ముందు విద్యార్థి, తర్వాత పరిసరాలు, ఆ తర్వాత పనులు చూస్తారు. పరికరాల వంతు చివర్న వస్తుంది.

చక్రాల_మీద: నాకు వెన్నుపాము దెబ్బతింది. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఇచ్చిన వీల్‌చైర్ నాకు మరీ వెడల్పు. పక్కకు వాలిపోయేవాణ్ణి, చక్రం తిప్పాలంటే భుజాలు లాగేసేవి. తర్వాత కలిసిన ఓటీ తుంటి వెడల్పు, తొడ పొడవు కొలిచారు. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు ఉంచారు. నాకు కింద స్పర్శ లేదు, పుండు పడుతున్నా తెలియదు. అందుకని కుషన్ గురించే అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడారు. మంచం మీదికి ఎలా జరుగుతానో చేసి చూపించమన్నారు. అది చూసి, చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ ఊడివచ్చే కుర్చీ రాశారు. ఇంటి తలుపుల వెడల్పు కొలిచి రమ్మన్నారు.

నాన్న_కోసం: మా నాన్నగారికి ఏఎల్ఎస్, కండరాలు రానురాను బలహీనపడిపోయే నరాల జబ్బు. ఇవాళ పనికొచ్చింది కొన్నాళ్ళకు పనికిరాదు. మా ఓటీ ఆ సంగతి దాచకుండా, మెత్తగా చెప్పారు. మున్ముందు తలతో నడిపేలా మార్చుకోగలిగిన పవర్ వీల్‌చైర్‌నే ఎంచారు. మాట పోయాక పరికరం ఆ గొంతుతోనే మాట్లాడేలా, మాట స్పష్టంగా ఉండగానే గొంతు రికార్డు చేయించమన్నారు. మీలో ఎవరింట్లోనైనా ఈ జబ్బు ఉంటే, ఆ పని మాత్రం వాయిదా వేయకండి.

ఎడమచేతి_వంట: పక్షవాతం వచ్చాక నాకు ఒంటిచేతి పరికరాలు చాలానే ఇచ్చారు. వాడుతున్నది కూరగాయను గుచ్చి పట్టుకునే మేకుల పలక ఒక్కటే. వంట నాకు ప్రాణం కాబట్టి అది మిగిలింది. బట్టలు తొడుక్కునే కర్రను మా ఆయన సాయమున్నా వాడమన్నారు, నాకు అక్కర్లేకపోయింది. ఆ సాయం నాకిష్టమే. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

పిల్లల_ఓటీ: అమ్మా, మీరు చెప్పింది మా వృత్తివాళ్ళందరూ వినాలి. 1993లో అమెరికాలో ఫిలిప్స్, జావో అనే పరిశోధకులు చేసిన సర్వేలో 29.3 శాతం సహాయక పరికరాలు మూలపడ్డాయని తేలింది. వాడే మనిషి అభిప్రాయం పట్టించుకోకపోవడం దానికి ఒక కారణం. సీఓపీఎం అని ఒక ఇంటర్వ్యూ పద్ధతి ఉంది. తనకు ముఖ్యమైన పనులేవో ఆ మనిషే చెప్పి, ఎంత బాగా చేయగలుగుతున్నారో, ఎంత తృప్తిగా ఉందో 10కి మార్కులు వేస్తారు. పరికరం ఇచ్చాక మళ్ళీ వేయిస్తాం. తృప్తి పెరగకపోతే పరికరం మార్చాలి, మనిషిని ఒప్పించడానికి చూడకూడదు.

పాపవాళ్ళమ్మ: అందరికీ చాలా థాంక్సండీ. ఐ ట్రాకర్ ట్రయల్‌కి ఇస్తామంటున్నారు. ఏం చూసుకోవాలి?

నాన్న_కోసం: క్లినిక్‌లో చూసి తేల్చేయకండి, ఇంటికి ఇమ్మనండి. పొద్దున హుషారుగా ఉన్నప్పుడు ఒకసారి, సాయంత్రం పాప అలసిపోయాక ఒకసారి పెట్టి చూడండి. కిటికీ పక్కన కూడా.