చిత్తూరు నుంచి తిరుపతికి: శ్వాసనాళంలో ట్యూబు వేసిన పిల్లాడికి ఒక ఆక్సిజన్ సిలిండర్ చాలుతుందా?

చిత్తూరు_స్టాఫ్‌నర్స్:
నాలుగేళ్ల బాబు, 16 కిలోలు, 4.5 సైజు కఫ్ ట్యూబు (చివర గాలి బుడగ ఉండేది). అంబూ బ్యాగుతో (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) తిరుపతి పీఐసీయూకి (పిల్లల ఐసీయూ) పంపాలంటే బీ టైప్ సిలిండర్ ఒకటి సరిపోతుందా? దారిలో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడితే ముందు ఏం చూడాలి?

అంబులెన్స్_టెక్నీషియన్:
చాలదు సిస్టర్. నిండు బీ టైప్‌లో 1500 లీటర్లు. రిజర్వాయర్ (ఆక్సిజన్ నిలవుండే సంచి) ఉన్న బ్యాగుకి నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు. పూతలపట్టు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు, రెండు గంటలు వేసుకోండి. దానికి రెట్టింపు ఉండాలి, అంటే రెండు నిండు సిలిండర్లు. 'సగం ఉంది కదా' అని ఎక్కించడమే కొంప ముంచేది. ప్రెషర్ గేజు ముల్లు 75 బార్ దగ్గర ఉంటే, సిలిండర్ లోపలి చోటు 10 లీటర్లు కాబట్టి 750 లీటర్లే. గంటుంపావులో ఖాళీ. సిలిండర్ తెరిచే కీ వార్డులో మరిచిపోతే రెండోది ఉన్నా లేనట్టే.

పీఐసీయూ_డాక్టర్:
సాచురేషన్ పడితే ముందు బిడ్డను, ట్యూబును చూడండి, మానిటర్‌ను తర్వాత. వరస ఇది: ట్యూబు జరిగిందా, కఫంతో మూసుకుందా, ఛాతీలో గాలి చేరిందా, ఆక్సిజన్ పైపు ఊడిందా. 4.5 ట్యూబు దాదాపు 13.5 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. మెడ ముందుకు వంగితే ట్యూబు లోపలికి దిగి కుడి ఊపిరితిత్తిలోకి పోతుంది, ఎడమ ఛాతీ లేవదు. వెనక్కి వాలితే బయటికొస్తుంది. అందుకే తలకు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు పెట్టండి. సక్షన్‌కు (కఫం లాగడానికి) 8 నంబరు కాథెటర్, 10 సెకన్లకు మించొద్దు. కంగారులో బ్యాగును దడదడా నొక్కేస్తారు. నిమిషానికి 20-25 సార్లు, ఛాతీ కాస్త లేచేంత చాలు. ఎక్కువైతే బీపీ పడుతుంది.

పీఐసీయూ_సిస్టర్:
పొట్ట ఉబ్బితే ఊపిరితిత్తులకు చోటుండదు, నోటి నుంచి కడుపు ట్యూబు వేసి తెరిచి ఉంచండి. బీపీ కఫ్ ఉన్న చేతికే సాచురేషన్ ప్రోబ్ పెట్టొద్దు, కఫ్ ఉబ్బినప్పుడల్లా అంకె పడిపోతుంది. పై బీపీ 78కి తగ్గుతుంటే ముందు అది నిలబెట్టాకే బయల్దేరండి. అడ్రినలిన్ 1 మి.లీ. ఆంపూల్‌ను 9 మి.లీ. సెలైన్‌లో కలిపి లేబుల్ వేయండి. గుండె ఆగితే ఇతనికి 1.6 మి.లీ. ఐవీలో (నరంలోకి).

చిత్తూరు_స్టాఫ్‌నర్స్:
13.5 చూసేది పళ్ల దగ్గరా, పెదవి దగ్గరా మేడమ్?

పీఐసీయూ_సిస్టర్:
పెదవి మూల దగ్గర. ఆ అంకె రిఫరల్ కాగితం మీదా రాయండి. ఇక్కడ ఎక్స్‌రే తీసేదాకా ట్యూబు జరిగిందో లేదో దాన్ని బట్టే చూసుకుంటాం.