"కన్నులార"లో ఆ "ఆర" ఎందుకు?

రావిచెట్టు: మొన్న ప్రార్థన కూటంలో లూకా సువార్త మొదటి మాటలు చదివారు. "ఆరంభమునుండి కన్నులార చూచి సాక్షులైనవారు" అన్న మాటే నా చెవిలో ఉండిపోయింది. ఇంటికొచ్చి తీస్తే సాక్షులు లేరు, "వాక్యసేవకులైనవారు" అని ఉంది! అయితే ఆ వాక్యంలో సాక్ష్యం బరువంతా "కన్నులార" ఒక్కదాని మీదేనా? అది సాక్షి మాటా, భక్తుడి మాటా?

తాటాకు: భక్తుడిదే. ఆర అంటే నిండుగా, తనివితీరా. కడుపార తిన్నాం, నోరార పిలిచాం. కోర్టు బోనెక్కి "హత్యను కన్నులార చూశానండీ" అని ఎవరైనా అంటారా? గ్రీకు మూలంలో ఉన్నది ఆటోప్టాయ్, తామే చూసినవాళ్లు. శవపరీక్షను అటాప్సీ అంటారే, అదీ ఆ ఇంటి మాటే. అంత పొడి మాట తెలుగులో దైవదర్శనమైపోయింది.

గట్టుమీద: తాటాకు గారూ, "చేతులారా చెడగొట్టుకున్నాడు"లో తనివి ఎక్కడుందండీ? అక్కడ ఆర అంటే స్వయంగా. ఆటోప్టాయ్‌కి ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు.

తాటాకు: అది వెటకారం, వాడగా వాడగా అరిగింది. పైగా అక్కడ "లారా" అని సాగదీస్తాం. బైబిల్లో "లార", పొట్టిది.

గట్టుమీద: దీర్ఘం పోతే అర్థం మారుతుందా! పోతన "చేతులారంగ శివుని పూజింపడేని" అన్నాడు. స్వయంగానా, తనివితీరానా? తేల్చండి.

తాటాకు: ఆ వెంటనే "నోరు నొవ్వంగ హరికీర్తి" అన్నాడుగా. నోరు నొప్పెట్టేదాకా పాడమన్నవాడు చేతుల దగ్గర "స్వయంగా" అని సరిపెడతాడా? నోరారంగ అనకుండా నొవ్వంగ అన్నాడు, అదీ పోతన.

గట్టుమీద: అది తేటగీతి పద్యం, నోరారంగ అందులో పడదు మాస్టారూ, పాదం మొదట సూర్యగణం, అంటే "నోరు" లాంటి చిన్న గణం, కావాలి. గణాల కోసం వచ్చిన మాట మీద సిద్ధాంతం కట్టకండి.

మెరీనా గాలి: తమిళ బైబిల్లోనూ అదే చోట "కణ్ణారక్ కండు" అని ఉంది. మనవాళ్లు అటు తొంగిచూశారని నా అనుమానం.

తాటాకు: పోతన కూడా తొంగిచూశాడా?

సండే స్కూలు: లూకా దగ్గరే ఆగిపోయారేం? యోహాను మొదటి పత్రికలోనూ, పేతురు రెండో పత్రికలోనూ "కన్నులార" ఉంది, గ్రీకు మాత్రం వేరు. యోహానుది ఉత్త "మా కళ్లతో". పేతురుది ఎపోప్టాయ్, ప్రాచీన గ్రీసులో ఎల్యూసిస్ అనే ఊరి రహస్యపూజల్లో ఆఖరి మెట్టెక్కి చూసినవాళ్లనూ ఆ మాటతోనే పిలిచేవారు. కాబట్టి పేతురు దగ్గర తాటాకు గారు రైటు, లూకా దగ్గర గట్టుమీద గారు. అసలు లూకా తాను చూశాననలేదు, చూసినవాళ్లు "మనకు అప్పగించిన ప్రకారము" అన్నాడు. ఇంకో సువార్త రాసిన మార్కు సంగతీ అంతే: పేతురు చెప్పింది గుర్తున్నంతవరకు సరిగ్గానే రాశాడు, వరసలో కాదు అని తొలినాళ్ల బిషప్పు పపియస్ అన్నాడట. ఆ ముక్కా తర్వాతి చర్చి చరిత్రకారుడు యూసేబియస్ ఎత్తి రాయబట్టే మనకు దక్కింది. వీళ్లిద్దరిదీ చెవులార విన్న కథే.

రావిచెట్టు: మరి నా "సాక్షులు" ఎక్కడినుంచి వచ్చారు?

సండే స్కూలు: లూకా చివరి అధ్యాయంలో "ఈ సంగతులకు మీరే సాక్షులు" అని ఉంది. అక్కడినుంచి జారిపడి ఉంటారమ్మా.

రావిచెట్టు: లేదండీ, ఆయన అలాగే చదివారు. నేను చెవులారా విన్నాను.

తాటాకు: "లారా" అని సాగదీశారు, గమనించారా?

గట్టుమీద: మళ్లీ మొదలు.