డ్రగ్స్ టాస్క్ ఫోర్సుకి మన ఊరి పోలీసుల్ని పంపాలా? ఫెడరల్ డబ్బు తీసుకోవాలా?

రవి, డాలస్‌కి ఉత్తరాన:
వచ్చే మంగళవారం మా సిటీ కౌన్సిల్ ముందుకి ఒక ఒప్పందం వస్తోంది. ఫెడరల్ డ్రగ్స్ టాస్క్ ఫోర్సులో, అంటే ఫెడరల్, స్థానిక పోలీసులు కలిసి పనిచేసే దళంలో, మా ఊరి డిటెక్టివులు ఇద్దరిని చేర్చాలట. వాళ్ల జీతం సిటీయే ఇస్తుంది. ఓవర్‌టైం, కారు, ఫోను ఖర్చు ఫెడరల్ ప్రభుత్వానిది. కేసుల్లో పట్టుకున్న డబ్బు, వాహనాల మీద సిటీకి వాటా కూడా ఉంటుంది. మాట్లాడటానికి పేరు ఇచ్చాను. వద్దనే చెప్తాను. ఎందుకో రాస్తున్నా, తప్పుంటే చెప్పండి.

ఇదే టెక్సస్‌లో, అమరిల్లోకి దక్షిణాన టూలియా అనే ఊరుంది. అయిదు వేల జనాభా. 1999 జూలై 23న తెల్లవారకముందే ఇళ్ల మీద పడి జనాన్ని పట్టుకుపోయారు. మొత్తం 46 మంది మీద కేసులు. వాళ్లలో దాదాపు నలభై మంది నల్లజాతివాళ్లు. సోదాల్లో డ్రగ్స్ దొరకలేదు, డబ్బూ దొరకలేదు. టేపు లేదు, వీడియో లేదు, రెండో సాక్షి లేడు. సాక్ష్యమల్లా టామ్ కోల్మన్ అనే ఒక్క అండర్‌కవర్ ఆఫీసరు మాటే. నోట్స్ కాలి మీద రాసుకునేవాడినని కోర్టులో చెప్పాడు. ఆ ఆపరేషన్ మధ్యలోనే వేరే కౌంటీలో అతని మీద దొంగతనం కేసు ఉంది. అయినా పనిలోంచి తియ్యలేదు, పైగా రాష్ట్ర స్థాయిలో ఉత్తమ అధికారి అవార్డు ఇచ్చారు. పందులు పెంచుకుని బతికే ఒక పెద్దాయనకి 90 ఏళ్ల జైలు పడింది. 2003లో గవర్నర్ రిక్ పెర్రీ 35 మందికి క్షమాభిక్ష ఇచ్చాడు. ఈలోగా కొందరు నాలుగేళ్లు లోపలే గడిపారు. కోల్మన్‌ని అబద్ధపు సాక్ష్యం కింద 2005లో దోషిగా తేల్చారు, పడింది ప్రొబేషన్ మాత్రమే.

టూలియాలో ఆ టాస్క్ ఫోర్సు నడిచింది బైర్న్ గ్రాంటు మీద, అంటే నేరాల అదుపుకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు మీద. మళ్లీ ఏడాది డబ్బు రావాలంటే అరెస్టుల లెక్క చూపించాలి. ఒకేసారి 46 కేసులంటే ఎంత పెద్ద లెక్కో ఆలోచించండి.

లక్ష్మి, క్యారల్టన్:
రవి గారూ, టూలియా ఘోరమే, నేను కాదనను. కానీ అది పాతికేళ్ల కిందటి మాట. ఆ టాస్క్ ఫోర్సు రాష్ట్రం చేతిమీదుగా వచ్చిన గ్రాంటుతో స్థానిక అధికారులు నడుపుకున్నది, డీఈఏది (ఫెడరల్ డ్రగ్స్ నిరోధక సంస్థది) కాదు. రెండూ ఒకటే అన్నట్టు చెప్పకండి.

మా వైపు 2022 చివర, 2023 మొదట్లో ఏం జరిగిందో మీకు తెలుసు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు నకిలీ మాత్రలు మింగి పడిపోయారు. పెర్కోసెట్ అనే నొప్పి మాత్ర అనుకుని కొన్నారు, లోపల ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు. రెండు మిల్లీగ్రాములు చాలు, ప్రాణం పోవడానికి. కొందరు పిల్లలు చనిపోయారు. మా అబ్బాయి అప్పుడు ఎనిమిదో క్లాసు. రాత్రి తలుపు తీసి వాడు ఊపిరి తీస్తున్నాడా అని చూసుకున్న రోజులున్నాయి.

అమ్మేవాడు ఒక ఊళ్లో, పిల్ల ఇంకో ఊళ్లో, సరుకు వచ్చేది ఇంకెక్కడి నుంచో. ఒక ఊరి డిటెక్టివుకి సిటీ హద్దు దాటితే చేతులు కట్టేసినట్టే. క్యారల్టన్ పోలీసులు, డీఈఏ కలిసి పనిచేశారు కాబట్టే మాత్రలు అమ్మిన ఇంటిదాకా వెళ్లగలిగారు. ఆ టెన్షన్ పడ్డ తల్లిగా చెప్తున్నా, ఇద్దరిని కాదు, నలుగురిని పంపాలి.

ప్రసాద్:
చాలా ఏళ్లు ఒక సిటీ బడ్జెట్ ఆఫీసులో పనిచేశాను. ఒక్క విషయం చెప్తాను. ప్రమాదం గ్రాంటు కన్నా వాటాలో ఎక్కువ. ఫెడరల్ కేసులో జప్తు చేసిన సొమ్ములో స్థానిక పోలీసులకి 80 శాతం దాకా రావచ్చు. సివిల్ జప్తుకి, అంటే మనిషి మీద కాక సొమ్ము మీదే వేసే కేసుకి, ఎవరినీ దోషిగా తేల్చక్కర్లేదు. ఆ డబ్బు డిపార్ట్‌మెంట్‌కే పోతుంది, మామూలు బడ్జెట్‌లో కలవదు. రెండు మూడేళ్లు వచ్చాక దాని మీద ఆశ పెరుగుతుంది. సరుకుతో వచ్చే కారుని ఆపితే సరుకు దొరుకుతుంది, డబ్బుతో తిరిగి వెళ్లే కారుని ఆపితే డబ్బు దొరుకుతుంది. ఎటు వెళ్లే కారుని ఆపాలనిపిస్తుంది, మీరే చెప్పండి.

వసంత:
ఆ గ్రాంటుకి పేరు పెట్టిన బైర్న్ ఎవరో చాలామందికి తెలియదు. ఎడ్వర్డ్ బైర్న్, న్యూయార్క్ పోలీసు, 22 ఏళ్లు. 1988 ఫిబ్రవరిలో క్వీన్స్‌లో, డ్రగ్స్ ముఠాకి ఎదురుతిరిగిన ఒక సాక్షి ఇంటి ముందు కారులో కాపలా కూర్చుని ఉండగా కాల్చి చంపారు. ఆ సాక్షి గయానా నుంచి వలస వచ్చినవాడు, మనలాంటివాడే. పోలీసుల డబ్బు అంటేనే చెడ్డది అన్నట్టు మాట్లాడేటప్పుడు ఆ కుర్రాడిని కూడా గుర్తుపెట్టుకోవాలి.

రవి:
వసంత గారూ, సరిగ్గా చెప్పారు. ఆ పేరున వచ్చిన గ్రాంటు టూలియాలో అలా ఖర్చు కావడమే నాకు బాధ. ఇంకోటి, ఇప్పుడు ఆ గ్రాంటు పోలీసులకే ఇవ్వాలని లేదు. చికిత్సకి, నివారణకి, కోర్టులకి వాడుకోవచ్చు. టెక్సస్ కూడా టూలియా తర్వాత పాఠం నేర్చుకుంది. 2001లో చట్టం మార్చారు, రహస్య ఇన్‌ఫార్మర్ మాట ఒక్కదానితో డ్రగ్స్ కేసులో శిక్ష వెయ్యకూడదు. 2006లో పెర్రీ ఆ డబ్బుని ప్రాంతీయ టాస్క్ ఫోర్సుల నుంచి సరిహద్దు పనికి మళ్లించాడు.

లక్ష్మి గారూ, మీ అబ్బాయి మాట చదివాక నా ప్రసంగం మళ్లీ రాసుకున్నాను. పూర్తిగా వద్దనలేను. కానీ మూడు షరతులు అడుగుతాను. అండర్‌కవర్ కొనుగోళ్లు రికార్డు చెయ్యాలి. జప్తు వాటా ఎంతొచ్చింది, దేనికి పెట్టారో ఏటా కౌన్సిల్‌లో బహిరంగంగా చెప్పాలి. పనితీరుకి అరెస్టుల లెక్క పెట్టకూడదు, పై సరఫరాదారు దాకా వెళ్లిన కేసులెన్నో చూడాలి. ఇవి ఒప్పుకోకపోతే నా మాట వద్దనే.

లక్ష్మి:
మూడోదానికి నేనూ ఒప్పుకుంటాను. మొదటిదానికి కూడా. కానీ షరతులు తేలేదాకా ఒప్పందం ఆపమంటే మాత్రం ఒప్పుకోను, రవి గారూ. ఆ నెలల్లో ఎవరి పిల్ల చేతికి మాత్ర వెళ్తుందో ఎవరు చెప్పగలరు? మీ కౌన్సిల్‌లో పక్క ఊరివాళ్లని మాట్లాడనిస్తారా? అయితే నేనూ పేరు ఇస్తాను, మీ తర్వాత మాట్లాడతాను.

రవి:
ఇస్తారండి. సాయంత్రం ఏడింటికి. మీ కోసం ముందు వరసలో సీటు పెడతాను.